ఆస్బెస్టాస్ క్యాన్సర్‌కు పెమెట్రెక్సెడ్ మందు: రాయకోట వైపు కుటుంబాలు తెలుసుకోవలసినవి

పెమెట్రెక్సెడ్ ఒక కీమోథెరపీ మందు. ఆస్బెస్టాస్ ధూళి పీల్చినవారికి చాలా ఏళ్ళ తరువాత ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే మెసోథెలియోమా అనే క్యాన్సర్‌కు వాడే మందుల్లో ఇది ముఖ్యమైనది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో కొన్ని రకాలకు కూడా దీన్ని ఇస్తారు. రాయకోట, కెలమంగలం, సూళగిరి వైపు నుంచి ఈ మందు పేరున్న చీటీ పట్టుకుని మా సంఘానికి వచ్చినవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటంత మంది. కానీ అందరూ అడిగింది ఒకే మాట: "అన్నా, ఈ మందు యాడ దొరుకుతుంది?"

మందు దొరుకుతుంది. మన దేశంలోనే తయారవుతుంది. బెంగళూరులో, వేలూరులో, చెన్నైలో ఉంది. మనవాళ్ళకు దొరకనివి ఆ మందును సర్కారు ఖర్చుతోనో, కనీసం సరైన ధరకో ఇప్పించే కాగితాలు. జబ్బు పేరు సరిగ్గా రాసిన బయాప్సీ రిపోర్టు, ఏ రాష్ట్రం కార్డు ఏ ఆసుపత్రిలో చెల్లుతుందన్న లెక్క, ముప్పై ఏళ్ళ కిందట ఎక్కడ ఏం పని చేశారన్న రుజువు. వీటి కోసం తిరగడంలోనే నెలలు గడిచిపోతాయి. ఈ జబ్బులో నెలలకు విలువ ఎక్కువ. అందుకే మేము తెలుసుకున్నది ఒకచోట రాసిపెడుతున్నాము. మేము డాక్టర్లము కాము. మందు ఇవ్వాలా వద్దా, ఎంత ఇవ్వాలి అన్నది క్యాన్సర్ డాక్టరే చెప్పాలి.

జబ్బు, దాని అసలు పేరు

ఆస్బెస్టాస్‌ను తెలుగులో రాతినార అంటారు. భూమిలో దొరికే రాయే, కానీ దారపు పోగుల్లా విడిపోతుంది. నిప్పుకు కాలదు, సిమెంటులో కలిపితే గట్టి రేకు అవుతుంది. తెలుగు నేలకు ఇది కొత్త సరుకు కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో దీని గనులు ఉండేవి. హైదరాబాదులో 1946లోనే ఆస్బెస్టాస్ సిమెంటు కంపెనీ పుట్టింది. మన వైపు కోళ్ళ షెడ్డు, పట్టుపురుగుల షెడ్డు, టమోటా మండీ, పాత బడి వరండా, దేని పైకి చూసినా ఆ రేకులే. పాత రకం బ్రేకు లైనింగుల్లోనూ, బాయిలర్ల చుట్టూ చుట్టే తాళ్ళలోనూ, గాస్కెట్లలోనూ ఇదే ఉండేది.

ఇంటిపైన పగలకుండా ఉన్న రేకు కింద పడుకున్నంత మాత్రాన భయపడనక్కర లేదు. ప్రమాదం ధూళిలో ఉంది. రేకును రంపంతో కోసేవారు, డ్రిల్లుతో తూట్లు వేసేవారు, పాత రేకులు పగలగొట్టి దించేవారు, ఫ్యాక్టరీలో గోనె సంచులు విప్పి పొడి కలిపేవారు, బ్రేకు డ్రమ్ముల్లో దుమ్మును గాలితో ఊదేవారు, వాళ్ళ బట్టలు ఇంట్లో ఉతికే ఆడవాళ్ళు, వీళ్ళు పీల్చేది ఆ పోగులనే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల ఆస్బెస్టాస్‌నూ మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. మన దేశంలో గనులకు కొత్త లీజులు ఆపేశారు కానీ, బయటి దేశాల నుంచి తెల్ల ఆస్బెస్టాస్ తెచ్చుకుని రేకులు చేయడం మాత్రం చట్టబద్ధంగానే సాగుతోంది. తవ్వడానికి పనికిరానిది కోయడానికి ఎలా పనికొస్తుందో మాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

పోగులు లోపలికి వెళ్ళిన తరువాత జబ్బు బయటపడడానికి 20 నుంచి 50 ఏళ్ళు పడుతుంది. యాభైలు దాటాక ఆయాసం, ఒకవైపు ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరడం మొదలవుతాయి. మన ఊళ్ళలో ఊపిరితిత్తి చుట్టూ నీరు అంటే అందరికీ ముందుగా గుర్తొచ్చేది టీబీ. అది తప్పు కాదు, మన దగ్గర టీబీయే ఎక్కువ. కానీ టీబీ క్రిమి కనబడకుండానే మాత్రలు మొదలుపెట్టి, నీరు తీయించుకుంటూ, మళ్ళీ నిండితే మళ్ళీ తీయించుకుంటూ ఆరు నెలలు గడిపినవాళ్ళు ఉన్నారు. తీసిన నీటిని పరీక్షిస్తే మెసోథెలియోమా చాలాసార్లు బయటపడదు. పైపొర ముక్క తీసి బయాప్సీ చేయాలి. ఆ ముక్కమీద ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే రంగుల పరీక్ష కూడా చేయాలి. అప్పుడే ఇది మెసోథెలియోమానా, మామూలు ఊపిరితిత్తుల క్యాన్సరా అన్నది తేలుతుంది.

ఈ పరీక్ష గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. బీమా పథకం ఆఫీసు అనుమతి ఇచ్చేది ఆ రిపోర్టులో ఉన్న పేరును చూసి. "క్యాన్సర్ అనుమానం" అని ఉన్న కాగితానికి అనుమతి రాదు. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు రిపోర్టు జిరాక్సుతో సరిపెట్టుకోకుండా, బయాప్సీ మైనపు బ్లాకులు, గాజు స్లైడులు కూడా అడిగి తీసుకోవాలి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు వాటిని తమ దగ్గర మళ్ళీ చూసుకుంటాయి. అవి లేకపోతే మళ్ళీ పక్కటెముకల మధ్య సూది, మళ్ళీ పది రోజులు.

భీమవరం మనిషి, సీతాకోకచిలుక రెక్క

ఈ మందు వెనుక ఒక తెలుగు పేరు ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసు మెడికల్ కాలేజీలో చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన సోదరులు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. లెడర్లీ పరిశోధనశాలలో ఆయన నాయకత్వంలోని బృందం 1940లలో ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. ఆ తరువాత దాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే మందులనూ తయారుచేసింది. కణం రెండుగా చీలాలంటే ఫోలిక్ ఆసిడ్ కావాలి. దాన్ని పోలిన దొంగ సరుకు లోపలికి వెళితే క్యాన్సర్ కణం మోసపోయి ఆగిపోతుంది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ వచ్చిన పిల్లలకు వాడింది ఈ బృందం పంపిన మందునే. మెథోట్రెక్సేట్ కూడా ఈ వరుసలోదే. సుబ్బారావుగారు 1948లో కన్నుమూశారు.

పెమెట్రెక్సెడ్ ఆ వరుసలోనే తరువాతి తరం. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టేలర్, సీతాకోకచిలుక రెక్కల రంగులో ఉండే పదార్థానికీ ఫోలిక్ ఆసిడ్‌కూ ఉన్న పోలికను పట్టుకుని ఏళ్ళ తరబడి పనిచేసి, ఇలై లిల్లీ కంపెనీతో కలిసి దీన్ని తయారుచేశారు. కంపెనీ పెట్టిన పేరు అలిమ్టా. 2004 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం మెసోథెలియోమాకు దీన్ని అనుమతించింది. అనుమతికి ఆధారమైన ప్రయోగంలో సిస్‌ప్లాటిన్ ఒక్కటే తీసుకున్న రోగులు సగటు లెక్కన 9.3 నెలలు బతికితే, పెమెట్రెక్సెడ్ కలిపి తీసుకున్నవారు 12.1 నెలలు బతికారు.

తేడా మూడు నెలలు కూడా లేదు. ఇది రోగం కుదిర్చే మందు కాదన్న సంగతి ఇంట్లోవాళ్ళకు మొదటే తెలియాలి. కొందరికి ఆయాసం, నొప్పి తగ్గి, లేచి తిరిగే రోజులు పెరుగుతాయి. కొందరికి సగటు కంటే ఎక్కువ కాలం కలిసొస్తుంది, కొందరికి ఏమీ కలిసిరాదు. అమ్ముకునే పొలం ముందు ఈ లెక్క పెట్టుకుని, డాక్టరుతో నేరుగా మాట్లాడి, ఆ తరువాతే నిర్ణయించుకోవాలి.

ఎక్కించే ముందు వారం

మందు మొదటి డోసు పడే రోజుకు వారం ముందే వైద్యం మొదలవుతుంది. ఈ సంగతి తెలియక మాకు బాగా తెలిసిన ఒక పెద్దాయన ఇంట్లో పెద్ద రభస జరిగింది. తెల్లవారుజామున బండి మాట్లాడుకుని వెళితే, విటమిన్లు మొదలుపెట్టలేదని వెనక్కి పంపారు. కొడుకు డాక్టరు మీద అరిచాడు. డాక్టరు చేసింది సరైన పనే. ఆ సంగతి ముందు రోజు ఫోనులో ఎవరూ చెప్పకపోవడమే తప్పు.

జరిగేది ఇది. మొదటి డోసుకు ముందు వారంలో విటమిన్ బి12 ఇంజెక్షను, 1000 మైక్రోగ్రాములు, కండరానికి వేస్తారు. తరువాత ప్రతి మూడు డోసులకు ఒకసారి మళ్ళీ వేస్తారు. ఫోలిక్ ఆసిడ్ మాత్ర రోజుకొకటి, వారం ముందు నుంచే మొదలుపెట్టి, వైద్యం జరిగినన్నాళ్ళూ, చివరి డోసు తరువాత మూడు వారాల దాకా మానకూడదు. మోతాదు 400 నుంచి 1000 మైక్రోగ్రాముల మధ్య. మన మందుల షాపుల్లో ఫోలిక్ ఆసిడ్ అని అడిగితే సాధారణంగా చేతికిచ్చేది 5 మిల్లీగ్రాముల మాత్ర. కాబట్టి చీటీలో ఉన్న మోతాదు చూపించి అడగాలి. ఒంటిమీద దద్దుర్లు రాకుండా డెక్సామెథసోన్ మాత్రలు ముందు రోజు, ఆ రోజు, మరుసటి రోజు వేసుకోవాలి.

ఫోలిక్ ఆసిడ్‌ను అడ్డుకునే మందుకు ఫోలిక్ ఆసిడే తోడు ఇవ్వడం విచిత్రంగా తోస్తుంది. మొదట్లో విటమిన్లు లేకుండానే ఇచ్చారు. తెల్లకణాలు పడిపోయి, విరేచనాలతో, నోటిపూతతో రోగులు దెబ్బతిన్నారు, ప్రాణాలు పోయాయి. శరీరంలో ఈ విటమిన్లు తక్కువగా ఉన్నవారికే ఎక్కువ ముప్పు అని గుర్తించి ప్రయోగం మధ్యలో విటమిన్లు చేర్చారు, ముప్పు బాగా తగ్గింది. మాంసం, పాలు అంతగా తినని మనలాంటివాళ్ళలో బి12 తక్కువగా ఉండడం మామూలే. అందువల్ల "ఇది బలం మాత్రే కదా" అని మానేయకూడదు.

మందును 21 రోజులకొకసారి పది నిమిషాల్లో ఎక్కిస్తారు. తోడుగా సిస్‌ప్లాటిన్ ఇస్తే రోజంతా సెలైను పడుతుంది. ఒంటికి అది సరిపడనివారికి కార్బోప్లాటిన్ ఇస్తారు. పెమెట్రెక్సెడ్ మూత్రపిండాల ద్వారా బయటకు పోతుంది కనుక ప్రతి డోసుకు ముందు రక్తపరీక్ష, క్రియాటినిన్ చూస్తారు. క్రియాటినిన్ క్లియరెన్స్ అనే లెక్క 45 కన్నా తక్కువ ఉంటే మందు ఇవ్వరు. మోకాళ్ళ నొప్పికి షాపులో అడిగి వేసుకునే ఇబుప్రోఫెన్ రకం మాత్రలు మూత్రపిండాలు కొంచెం బలహీనంగా ఉన్నవారికి డోసుకు రెండు రోజుల ముందు నుంచి రెండు రోజుల తరువాత దాకా పనికిరావు. మన పెద్దవాళ్ళ జేబులో ఈ మాత్ర లేకుండా ఉండదు. కాబట్టి అడగకపోయినా డాక్టరుకు చెప్పాలి. ఇంటికి వచ్చాక జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ధర: ఒక గుమాస్తా లెక్క

డోసును మనిషి ఎత్తు, బరువులతో కట్టిన శరీర వైశాల్యాన్ని బట్టి నిర్ణయిస్తారు, చదరపు మీటరుకు 500 మిల్లీగ్రాములు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 55 కిలోల బరువు ఉన్న మనిషికి అది సుమారు 780 మిల్లీగ్రాములు వస్తుంది. అంటే ఒక 500 సీసా, మూడు 100 సీసాలు.

2019కి ముందు ఒక బ్రాండు 500 సీసా మీద అచ్చయిన ధర సుమారు 22,000 రూపాయలు, 100 సీసా మీద 7,700. ఒక్క డోసుకు 45,100. ఆరు డోసులకు 2,70,600. ఇది మందు ఒక్కదానికే. మంచం, రక్తపరీక్షలు, స్కాను, బండి బాడుగ వేరు. 2019 ఫిబ్రవరిలో జాతీయ మందుల ధరల సంస్థ ఎన్‌పీపీఏ 42 రకాల క్యాన్సర్ మందుల మీద వ్యాపార లాభానికి 30 శాతం హద్దు పెట్టింది. దాంతో అదే బ్రాండు 500 సీసా సుమారు 2,800కు, 100 సీసా సుమారు 800కు దిగాయి. ఇప్పుడు అదే లెక్క వేయండి. డోసుకు 5,200, ఆరు డోసులకు 31,200.

తయారీ ఖర్చు ఒక్క రాత్రిలో తగ్గలేదు. ఉత్తర్వు రాకముందు కూడా కంపెనీ హోల్‌సేల్‌లో అమ్మింది చాలా తక్కువ ధరకే. మధ్యలో ఉన్న తేడా ఎవరి జేబులోకి వెళ్ళిందో చెప్పడానికి చదువు అక్కర లేదు. మేము పైన చెప్పిన పెద్దాయన కుటుంబం ఆ ఉత్తర్వుకు ఏడాది ముందు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సీసా మీది ధరకే కొన్నది. అరెకరం టమోటా తోట పోయింది. "డబ్బాపైన ఇంతే రాసుంది, ఇంక బేరమెట్ల సేసేదన్నా?" అని ఆయన కొడుకు అడిగినప్పుడు మా దగ్గర జవాబు లేదు. బేరం చేయవచ్చని అప్పటికి మాకూ తెలియదు.

ఈనాటికీ ఒక బ్రాండుకూ ఇంకో బ్రాండుకూ ధరలో తేడా ఉంటుంది. అందుకని చీటీ మీద బ్రాండు పేరు కాకుండా మందు అసలు పేరు, మిల్లీగ్రాములు రాయించుకోవాలి. రెండు మూడు చోట్ల ధర అడగాలి. జాతీయ క్యాన్సర్ గ్రిడ్‌లో చేరిన ఆసుపత్రులు కలిసికట్టుగా మందులు కొంటాయి కాబట్టి వాటి దగ్గర తక్కువకు దొరికే అవకాశం ఉంది. ఎక్కడ కొన్నా బిల్లు, బ్యాచ్ నంబరు ఉండాలి. బిల్లు లేకుండా సగం ధరకు ఇస్తామనేవాళ్ళ జోలికి పోకూడదు.

మందు మన దేశంలో ఇంత చవకగా తయారుకావడానికి పేటెంటు చట్టం కారణం. మందులకు ఉత్పత్తి పేటెంటు మన దేశంలో 2005లో వచ్చింది, అదీ 1995 తరువాతి ఆవిష్కరణలకే. పెమెట్రెక్సెడ్ అంతకు ముందే పుట్టింది. అందువల్ల మన కంపెనీలు దీన్ని తయారుచేయగలిగాయి. అమెరికాలో విటమిన్లతో కలిపి ఇచ్చే పద్ధతి మీద కూడా పేటెంటు ఉండి, 2022 దాకా జెనరిక్ మందు రాలేదు. ఇంగ్లండులో 2006లో ఈ మందు ధరకు తగిన ఫలితం లేదని సర్కారు సలహా సంస్థ నైస్ మొదట వద్దన్నది, రోగుల సంఘాలు పోరాడాక 2008 జనవరిలో ఒప్పుకుంది. ఆస్ట్రేలియాలో ఆస్బెస్టాస్ ఫ్యాక్టరీ కార్మికుడు బెర్నీ బాంటన్ తానే మెసోథెలియోమాతో చక్రాల కుర్చీలో ఉండి ఈ మందుకు సర్కారు రాయితీ ఇవ్వాలని పోరాడాడు. 2007 నవంబరు 27న పోయాడు. రాయితీ ఆ మరుసటి ఏడాది అమలైంది. వాళ్ళ గోడు మందు ఖరీదు గురించి. మన గోడు వేరు, మందు చవకైన దేశంలో ఉండి కూడా అది చేతికి రాకపోవడం.

ఏ కార్డు ఎక్కడ చెల్లుతుంది

ఇక్కడే మన సరిహద్దు తెలుగువాళ్ళు ఎక్కువగా పొరబడుతున్నారు. ఇంట్లో తెలుగు, చుట్టాలు కుప్పంలో, మొక్కు తిరుపతిలో. కాబట్టి ఆంధ్రప్రదేశ్ ఆరోగ్యశ్రీ మనకూ వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. పథకం నడిచేది రేషన్ కార్డు మీద, మాతృభాష మీద కాదు. రాయకోట మనిషికి తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకమే దిక్కు. మన ఊళ్ళలో "కాప్పీట్టు అట్టై" అనేది దాన్నే. కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 రూపాయలు దాటకూడదు. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం నగదు లేకుండా జరుగుతుంది. 2018 నుంచి కేంద్రం వారి ఆయుష్మాన్ భారత్ దీనితో కలిసింది. కార్డు లేనివారు రేషన్ కార్డు, కుటుంబంలో అందరి ఆధార్, ఆదాయ ధ్రువపత్రం తీసుకుని కృష్ణగిరి కలెక్టర్ ఆఫీసులోని బీమా కౌంటరుకు వెళ్ళాలి. ఉచిత ఫోను నంబరు 1800 425 3993. జబ్బు తేలాక కార్డుకు పరిగెత్తడం కంటే, అర్హత ఉన్న ప్రతి ఇల్లూ ఇవాళే తీసుకుని పెట్టుకోవడం మేలు. మా సంఘం సభ్యుల ఇళ్ళలోనే సగం మంది దగ్గర అది లేదని తెలిసి మేము సిగ్గుపడ్డాము.

రాయకోట నుంచి అందరికీ దగ్గరగా తోచేది బెంగళూరు. అక్కడి కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి పేరు మనవాళ్ళ నోట్లో నానుతూ ఉంటుంది, తెలుగు మాట్లాడే సిబ్బందీ తగులుతారు. కానీ కార్డు విషయంలో జాగ్రత్త. కేంద్రం జాబితాలో పేరున్న కుటుంబాలకు ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వం తన ఖర్చుతో చేర్చిన కుటుంబాలకు ఆ సౌకర్యం ఉండదు. పైకి చూస్తే రెండు కార్డులూ ఒకటిగానే తోస్తాయి. 14555 నంబరుకు ఫోను చేసి తమది ఏ జాబితానో ముందు తెలుసుకున్నాకే బెంగళూరు బండి ఎక్కాలి. తమిళనాడు లోపల అయితే చెన్నై అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, కాంచీపురంలోని సర్కారు అణ్ణా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆసుపత్రిలో బీమా డెస్కు దగ్గర "ఈ జబ్బుకు ఈ మందుతో ప్యాకేజీ ఉందా, సీసాలు అందులోనే వస్తాయా, బయట కొనాలా" అని మూడు ప్రశ్నలూ ఒకేసారి అడిగి, జవాబు రాయించుకోవాలి. మాటగా చెప్పింది తరువాతి షిఫ్టులో గుర్తుండదు.

రాయకోట రైల్వే స్టేషను బెంగళూరు–సేలం లైనులో ఉంది. క్యాన్సర్ రోగికి వైద్యం కోసం వెళ్ళే ప్రయాణంలో స్లీపరు, థర్డ్ ఏసీలలో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవారికి 75 శాతం రాయితీ. రైల్వేవారి ఫారం మీద ఆసుపత్రి సంతకం చేయాలి. చేరిన రోజే అడిగి తీసుకోవాలి.

పని చరిత్ర రాయించండి

కేసు షీటులో వృత్తి అనే గడిలో మన పెద్దవాళ్ళకు రాసేది "కూలీ" అనో "వ్యవసాయం" అనో. ఇప్పుడు చేసే పని అదే కావచ్చు. ముప్పై ఏళ్ళ కిందట చేసింది వేరు. పైన చెప్పిన పెద్దాయన ఇరవై ఏళ్ళు బెంగళూరు చుట్టూ రేకులు కోసి బిగించే మేస్త్రీగా పనిచేశాడు. ఆసుపత్రిలో అడిగింది తమిళంలో, కన్నడంలో. ఆయన చెప్పింది మన రాయకోట తెలుగులో. కాగితం మీద పడింది "రైతు". ఆ ఒక్క మాటతో ఆస్బెస్టాస్ అన్న ఊసే ఫైలులో లేకుండా పోయింది.

ఆ ఊసు ఉండాలి. ఆస్బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టంలో వృత్తి వ్యాధులుగా ఉండేవి, ఇప్పుడు 2020 సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉన్నాయి. పని మానేసిన తరువాత జబ్బు బయటపడినా, అది ఆ పని వల్లనే వచ్చిందని చూపితే అడిగే హక్కు ఉంది. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు, అహ్మదాబాదు వినియోగదారుల సంస్థ వేసిన కేసులో, ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను ఉద్యోగం మొదలైన నాటి నుంచి 40 ఏళ్ళు గానీ, మానేశాక 15 ఏళ్ళు గానీ, ఏది ఎక్కువైతే అంతకాలం దాచాలని చెప్పింది. కార్మికుడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమనీ, అది రిటైరు కావడంతో ఆగిపోదనీ అన్నది. కాబట్టి ఫ్యాక్టరీలో చేసినవారు ఆ రికార్డు నకలు రాతపూర్వకంగా అడగవచ్చు. పాత పీఎఫ్ చీటీ, ఈఎస్ఐ నంబరు, గేటు పాసు, దీపావళి బోనసు కవరు అయినా సరే పారేయవద్దు. ఐదేళ్ళు ఈఎస్ఐలో ఉండి వయసు నిండి రిటైరైనవారు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ ఈఎస్ఐ వైద్యం సాగుతుంది. హోసూరు సిప్‌కాట్‌లో పనిచేసి దిగినవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు.

మేస్త్రీలకు, కూలీలకు యజమాని అంటూ ఒకడు ఉండడు, రికార్డూ ఉండదు. అందుకని మేము ఒక పని మొదలుపెట్టాము. ఒక తెల్ల కాగితం మీద ఒకవైపు తెలుగులో, ఒకవైపు తమిళంలో రోగి పేరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఏ ఊళ్ళో, ఏ సరుకుతో, చేతితో ఏం చేసేవారు, ముఖానికి గుడ్డ కట్టుకునేవారా, పక్కన ఎవరు పనిచేసేవారు అన్నవి రాయించి, రోగి వేలిముద్రో సంతకమో పెట్టించి, మొదటి రోజే డాక్టరు చేతికిచ్చి కేసు షీటులో చేర్చమని అడుగుతాము. ఇంతవరకు ఏ డాక్టరూ కాదనలేదు. ఒకాయన చదివి, "ఈ సంగతి ముందే తెలిస్తే బయాప్సీ ముందే చేసేవాణ్ణి" అన్నారు.

మందు పనిచేయని దశ వచ్చినప్పుడు, లేక రోగే ఇక చాలన్నప్పుడు, నొప్పికి, ఆయాసానికి వైద్యం ఆగకూడదు. తమిళనాడులో ఇంటికే వచ్చి మందులిచ్చే "మక్కళై తేడి మరుత్తువం" పథకం 2021 ఆగస్టు 5న మొదలైంది మన కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే. బీపీ, షుగరు మాత్రలతో పాటు మంచాన పడ్డవారికి ఉపశమన సేవ కూడా అందులో ఉంది. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పేరు రాయించాలి. ఆ పెద్దాయన ఐదో డోసు తరువాత పోయాడు. అప్పటికి ఆ పథకం లేదు. చివరి పదిహేను రోజులు ఆయన కొడుకు నొప్పి మాత్రల చీటీ పట్టుకుని ఏ షాపుకు వెళ్ళినా అవి లేవనే చెప్పారు.

పైన చెప్పిన తెలుగు–తమిళ కాగితం నమూనా సంఘం ఆఫీసులో ఉంది. ఆదివారం ఉదయం వస్తే మేమే కూర్చుని రాసిపెడతాము. పాత బయాప్సీ రిపోర్టు, రేషన్ కార్డు వెంట తీసుకురండి.